పిస్టల్ మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) లోపల నూనె వేస్తే తప్పేంటి?

కేటీ_కుర్రాడు:
అన్నలూ, హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను. మొన్న ఆదివారం రేంజ్‌లో నా 9 ఎంఎం పిస్టల్ రెండు రౌండ్లు (తూటాలు) పేలి మూడోదానికి క్లిక్‌మని ఊరుకుంది. గొట్టం టార్గెట్ వైపే ఉంచి ముప్ఫై సెకన్లు ఆగి తీసి చూస్తే ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల) మీద దెబ్బ పడే ఉంది. తర్వాతది సగంలో ఇరుక్కుంది. ఐదు నెలల కిందట గ్యారేజీలో ఉన్న స్ప్రే నూనె మ్యాగజైన్లలోకి బాగా కొట్టి, నింపి పెట్టాను. దాని బదులు ఏం వాడాలి? సిలికానా, బాలిస్టాల్ అనే తుపాకీ నూనెనా?

హవల్దార్_రిటైర్డ్:
ఏమీ వద్దు బాబూ. మేం జైసల్మేర్ వైపు ఉన్నప్పుడు ఎస్ఎల్ఆర్ రైఫిల్‌కి ఇరవై రౌండ్ల మ్యాగజైన్. బ్యారెల్‌కి పుల్‌త్రూ (గొట్టంలోంచి లాగి తుడిచే తాడు), బోల్టుకి నూనె, మ్యాగజైన్‌కి పొడి గుడ్డ. కొత్తలో నేను తెలివి చూపించి స్ప్రింగ్‌కి నూనె రాశాను, సాయంత్రానికి లోపల ఇసుక, నూనె కలిసి ముద్దయింది. మా ఉస్తాద్ ఆ ముద్ద నా అరచేతిలో పెట్టి, అది కింద పడకుండా గ్రౌండ్ చుట్టూ పరిగెత్తమన్నాడు. ఎన్ని రౌండ్లో అడక్కు.

పులిహోర_ప్రియుడు:
ఆవకాయకి నూనె, మ్యాగజైన్‌కి గుడ్డ 😄

గల్ఫ్_తేమ:
సార్, ఎడారిలో తుప్పు పట్టదు, సముద్రం పక్కన మా గాల్వెస్టన్‌లో పడుతుంది. నావి స్టీల్ మ్యాగజైన్లు. మొదటి ఏడాది ఇలాంటి సలహానే విని పొడిగా ఉంచితే రెండు ఎర్రబడ్డాయి, ఒక్కోటి నలభై డాలర్లు, ఎవరిస్తారు? అప్పట్నుంచి నూనె వేస్తున్నా. ఒక్కటీ ఆగలేదు.

హవల్దార్_రిటైర్డ్:
బయట నూనె గుడ్డతో తుడవడం వేరు, లోపల పోయడం వేరు.

గల్ఫ్_తేమ:
పోయమని నేనెక్కడ అన్నాను? "వేస్తున్నా" అన్నాను. తుడిస్తే మిగిలేది నూనె కాదా? అంటే మీరూ నూనె ఒప్పుకున్నట్టే.

లేత్_మాస్టారు:
ఇద్దరూ పదాల మీద పడ్డారు, ఆ కుర్రాడి రౌండ్ ఎందుకు పేలలేదో ఎవరూ చెప్పరే. స్ప్రే నూనెలు సందుల్లోకి పాకుతాయి, ప్రైమర్ అంచులోంచి లోపలికి దిగితే మందు చచ్చిపోతుంది. డబ్ల్యూడీ-40 లాంటివి అసలు నీటిని తరమడానికి చేసినవి, 1953లో నలభయ్యో ప్రయత్నానికి కుదిరిందని ఆ పేరు. అంతగా కావాలంటే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) డ్రై లూబ్ పలచగా కొట్టి, పూర్తిగా ఆరాక నింపు. ద్రావకం ఎగిరిపోయి పొర ఒక్కటే మిగులుతుంది. అల్యూమినియం మ్యాగజైన్‌కి మాత్రం గ్రాఫైట్ వద్దు, తేమ తగిలితే లోహాన్ని తినేస్తుంది.

చిన్నోడు_డల్లాస్:
గ్లాక్ పిస్టల్ మాన్యువల్ చూడండి, నూనె వేయాల్సిన చోట్లు బొమ్మతో సహా ఉన్నాయి. మ్యాగజైన్ వాటిలో లేదు.

గల్ఫ్_తేమ:
మాన్యువల్ రాసినోడు గాల్వెస్టన్‌లో కాపురం ఉన్నాడా?

హవల్దార్_రిటైర్డ్:
ఇరవై రెండేళ్లు తుపాకీతో బతికాను నాయనా.

గల్ఫ్_తేమ:
బతికారు, కాదనను. కానీ మీ రైఫిల్ సాయంత్రానికి కోత్‌లో (ఆయుధాల గదిలో) జమ అయ్యేది, లెక్క చూసి తాళం వేసేవాళ్లు, మ్యాగజైన్ ఖాళీ. నాది నిండా రౌండ్లతో మంచం పక్కన ఏడాదంతా ఉంటుంది. మా వీధిలో రెండు తెలుగు ఇళ్లలో బంగారం పోయింది, ఒక ఇంట్లో ముసలావిడ ఉండగానే. పోలీసులు నలభై నిమిషాలకొచ్చారు. రోజూ విప్పి తుడుచుకునే తీరిక మీకుంది, నాకు తీసిన వెంటనే పేలాలి.

హవల్దార్_రిటైర్డ్:
ఇదీ అసలు సంగతి! నూనె సంగతి తర్వాత, ఏడాది పాటు నింపిన మ్యాగజైన్ మంచం పక్కనా? ఇంట్లో పిల్లలున్నారా లేదా? మా అమ్మాయి ఇంటికొచ్చి నెలైంది, ఇక్కడ అల్లుడూ అంతే, తాళం వేయవయ్యా అంటే "మామయ్యా, ఇది అమెరికా" అంటాడు.

గల్ఫ్_తేమ:
మీ అల్లుడి మీద కోపం నా మీద తీర్చుకోకండి.

లేత్_మాస్టారు:
తీసిన వెంటనే పేలాలనే కదా నీ పట్టు? మరి నూనెలో ఏడాది నానిన రౌండ్ మీద అంత నమ్మకమేంటి? మూణ్నెల్లకోసారి పాతవి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి నింపు.

గల్ఫ్_తేమ:
...అది చేయొచ్చు. తాళం మాత్రం వేయను.

హవల్దార్_రిటైర్డ్:
వెయ్యి.

కేటీ_కుర్రాడు:
మీరు కొట్టుకోండి, నేను విప్పేశాను. బేస్‌ప్లేట్ (మ్యాగజైన్ అడుగు మూత) జరపగానే స్ప్రింగ్ ఎగిరి మైక్రోవేవ్ కిందకి పోయింది. చుట్టల మధ్య నల్లటి మడ్డి, అందులో నా చొక్కా దారప్పోగులు కూడా. నానిన రౌండ్లన్నీ పక్కన పెట్టేశా, రేంజ్ వాళ్లకే ఇచ్చేస్తాను. మ్యాగజైన్ గొట్టం వెనక చిన్న చిల్లుల్లో ఇంకా ఉంది, దేంతో తీయాలి?

హవల్దార్_రిటైర్డ్:
పాత టూత్‌బ్రష్. మీ ఆవిడది కాదని చూసుకో.