చేత్తో కుట్టే మగవాళ్ల షూ: కొలతలు, అచ్చు, తోలు, కుట్టు (చర్చ)

కొత్తజత
ముదురు కాఫీ రంగులో ఒక జత ఆక్స్‌ఫర్డ్ లేసు షూ చేత్తో చేయించాలి. ఆఫీసుకీ, పెళ్లిళ్లకీ అదే. కుడిపాదం పొడవు 266 మి.మీ., ఎడమది 262. వేళ్ల కీళ్ల మీదుగా చుట్టుకొలత 258, 254. దుకాణంలో 8 పక్కల నొక్కుతుంది, 9లో మడమ జారుతుంది. ఈ నాలుగు అంకెలూ పంపితే సరిపోతుందా? తోలు, సోల్ ఏవి అడగాలి?

కొలతటేపు
నాలుగు అంకెలతో చెప్పులు కుట్టొచ్చు, షూ కుదరదు.

సాయంత్రం కొలవండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ షూతో వేసుకోబోయే సాక్సే వేసుకోండి. కాగితం మీద నిలబడి బరువు రెండు కాళ్ల మీదా సమానంగా వేయాలి. వంగి మీరే గీసుకుంటే బరువు ముందుకు పడి గీత మారిపోతుంది, అందుకని గీయడానికి ఇంకొకరు ఉండాలి. పెన్సిలు నిటారుగా పట్టాలి. లోపలికి వాలితే వెడల్పు తగ్గుతుంది, బయటికి వాలితే పెరుగుతుంది.

గీయడం అయ్యాక పాదం కదపకుండా బొటనవేలి కీలు దగ్గర ఒక చుక్క, చిటికెనవేలి కీలు దగ్గర ఒక చుక్క పెట్టించండి. మడమ నుంచి బొటనవేలి కీలు దాకా ఎంత ఉందన్నది చాలామంది పంపరు, చాలామంది అడగరు కూడా. షూ మడత పడేది అక్కడే. వేళ్లు పొట్టిగా ఉన్న పాదానికి మొత్తం పొడవు మాత్రమే చూసి అచ్చు (షూని దేని మీద కుడతారో ఆ పాదం ఆకారపు దిమ్మ) తీస్తే, పాదం ఒకచోట వంగుతుంది, షూ ఇంకోచోట వంగుతుంది. ముక్కు మీది అడ్డకుట్టు వేళ్లను కొరికేది అందుకే.

చుట్టుకొలతలు ఐదు కావాలి. వేళ్ల కీళ్ల మీదుగా, పాదం సన్నబడే నడుము దగ్గర, పాదం పైన ఎముక ఉబ్బిన చోట, మడమ చివరి నుంచి ఆ ఎముక చుట్టూ, మడమ చివరి నుంచి చీలమండ ముందరి మడత చుట్టూ. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. పాత గుడ్డ టేపు సాగి ఉంటుంది. కాగితపు పట్టీ చుట్టి, గుర్తు పెట్టి, దాన్ని స్కేలు మీద కొలిస్తే ఆ గొడవ ఉండదు.

అచ్చుపిచ్చి
పైన చెప్పినవన్నీ అచ్చు కోసమే. తోలు, రంగు, చిల్లుల డిజైను తర్వాతి మాట.

లెక్క చూడండి. బ్రిటిష్ సైజుల్లో ఒక సైజుకీ ఇంకోదానికీ తేడా అంగుళంలో మూడో వంతు, 8.46 మి.మీ. సైజుకి 25 కలిపి 3తో భాగిస్తే అచ్చు పొడవు అంగుళాల్లో వస్తుంది. 8కి 33/3, అంటే 11 అంగుళాలు, 279.4 మి.మీ. యూరప్ లెక్కలో సైజుకి 6.67 మి.మీ. చొప్పున 42 అంటే 280. రెండూ ఇంచుమించు ఒకటే. మీ కుడిపాదం 266 కాబట్టి ముందు 13 మి.మీ. ఖాళీ మిగులుతుంది, గుండ్రటి ముక్కుకి అది చాలు. పొడవులో మీది 8 అన్నమాట. మీకు కావలసింది వెడల్పు, 9 కాదు. 9 తీసుకుంటే వెడల్పుతోపాటు పొడవూ, మడమ గిన్నే పెరిగి జారుతుంది.

ఉలి ముక్కు, పొడుగు ముక్కు అడిగితే అచ్చు ముందు ఇంకొంచెం పొడిగిస్తారు. అది చూపు కోసం, వేళ్లకి చోటు కోసం కాదు. సైజు మాత్రం 8 అనే రాస్తారు.

"కస్టమ్" అనే మాట మీద మూడు వేరువేరు సరుకులు అమ్ముతున్నారు. ఒకటి, సిద్ధంగా ఉన్న అచ్చు మీద మీరు తోలు, రంగు, సోల్ ఎంచుకోవడం. రెండోది, సిద్ధంగా ఉన్న అచ్చుకే ఉబ్బు ఉన్నచోట తోలు ముక్కలు అంటించి, రాసి నునుపు చేసి మీ కొలతకి తేవడం. మూడోది, మీ పాదానికే అచ్చు చెక్కడం. మొదటి రకం మీకు దండగ. రెండోది చాలు. అచ్చుకి తోలు ఎక్కించడం తేలిక, తగ్గించడం కష్టం. అందుకని మడమ సన్నగా ఉన్న అచ్చు తీసుకుని ముందు భాగం పెంచమనండి.

ఇంకోటి. అచ్చు ఏ మడమ ఎత్తుకి చెక్కి ఉంటే షూకి అదే ఎత్తు పెట్టాలి. 25 మి.మీ. అచ్చు మీద చేసిన షూకి "కొంచెం ఎత్తుగా కనిపించాలి" అని 35 పెట్టిస్తే బరువు ముందుకి తోస్తుంది, మడమ బిళ్ల ముందంచు మాత్రమే నేలకి ఆని అరుగుతుంది, షూ మధ్య సన్నబడే నడుములో ఉండే ఉక్కు పట్టీ మీద లేనిపోని ఒత్తిడి పడుతుంది.

లేసుముడి
@కొత్తజత గారూ, పాదం పైన ఎముక ఎత్తా? ఎత్తయితే ఆక్స్‌ఫర్డ్ మానేసి డెర్బీ అడగండి. ఆక్స్‌ఫర్డ్‌లో లేసు రెక్కలు ముందు తోలు కిందికి వెళ్లి కుట్టబడతాయి, ఇక అవి విచ్చుకోవు. డెర్బీలో పైన కుట్టి ఉంటాయి, విచ్చుకుంటాయి.

ట్రయల్ జత వేసుకుని చూసేటప్పుడు లేసు కట్టాక రెక్కల మధ్య సందు పై నుంచి కింద దాకా సమానంగా 6 నుంచి 10 మి.మీ. ఉండాలి. మొదటిరోజే పూర్తిగా మూసుకుంటే తిరస్కరించండి. తోలు సాగాక, లోపలి అట్ట (పాదం కింద ఉండే పొర) పాదం ఆకారానికి కుంగాక బిగించడానికి చోటుండదు. పైన వెడల్పుగా, కింద సన్నగా విచ్చుకుంటే అచ్చుకి పాదం పైన ఎత్తు చాల్లేదు.

తంగేడుచెక్క
తోలు సంగతి. పై తోలు 1.2 నుంచి 1.4 మి.మీ. మందం దూడతోలు, ఫుల్ గ్రెయిన్ (సహజమైన పై పొర గీరనిది). పెళ్లి మెరుపు కోసం కరెక్టెడ్ గ్రెయిన్ అంటగడతారు. అంటే మచ్చలున్న పై పొరను గీరేసి పెయింటు పొర వేసింది. కొత్తలో అద్దంలా ఉంటుంది, మడత దగ్గర గాజులా పగులుతుంది, పాలిష్ లోపలికి ఇంకదు. వేలితో నొక్కి చూడండి. మంచి తోలు మీద సన్నటి ముడతలు పడి, వేలు తీయగానే పోతాయి. పెయింటు తోలు ముడత పడదు, లేదా పెద్ద మడతలా లేస్తుంది.

ఒక జతకి దాదాపు రెండున్నర నుంచి మూడు చదరపు అడుగులు పడుతుంది. ఏ భాగంలోంచి కోశారన్నది మందం కంటే ముఖ్యం. పాదం మీదికొచ్చే ముందు ముక్క వెన్ను పక్క తోలులోంచి రావాలి, సాగని దిక్కు మడమ నుంచి ముక్కు వైపు ఉండాలి. పొట్ట తోలు వదులుగా సాగుతుంది. దాన్ని నాలుకకీ, కనపడని చోట్లకీ వాడుకోవాలి. ఒక కాలి షూ మడత సన్నగా, రెండోదానిది సంచిలా పడిందంటే రెండు ముక్కలూ రెండుచోట్ల కోశారు.

అస్తరుకి రంగు వేయని వెజిటబుల్ టాన్ (చెట్ల చెక్క, కాయల రసంతో పదును చేసిన) తోలు అడగండి. మన వేడికి చెమట పీలుస్తుంది, సాక్సుకి రంగు దిగదు. మన వైపు లందల్లో (తోలు నానబెట్టే తొట్లలో) తంగేడు చెక్క, కరక్కాయతో ఊనిన మేకతోలు, గొర్రెతోలు ఈస్ట్ ఇండియా తోలు పేరుతో వెళ్లేవి ఈ జాతివే. రెక్సిన్ అస్తరు వేసిన షూ పైకి ఎంత అందంగా ఉన్నా నాలుగు రోజులకే కంపు.

వెల్ట్‌దారం
కుట్టు మూడు రకాలుగా తేలుతుంది: అంటించినది, బ్లేక్, వెల్ట్. అంటించినదాంట్లో తప్పేం లేదు, తేలిగ్గా ఉంటుంది, కాకపోతే సోల్ అరిగితే చాలాసార్లు షూ అయిపోయినట్టే. ఎండలో కారులో వదిలేయకూడదు. పీయూ (పాలీయురథేన్ అనే ప్లాస్టిక్ రకం) జిగురును అంటించేటప్పుడే 60–70 డిగ్రీల వేడితో మెత్తబరుస్తారు, డాష్‌బోర్డు కూడా మండువేసవిలో ఆ దరిదాపులకి పోతుంది. బ్లేక్‌లో సోల్‌నీ లోపలి అట్టనీ కలిపి ఒకే కుట్టు. సన్నగా, నాజూగ్గా వస్తుంది, కానీ కుట్టు చిల్లుల్లోంచి వాననీరు నేరుగా లోపలికి.

వెల్ట్ అంటే అంచు చుట్టూ ఒక తోలు వారు. పై తోలూ, లోపలి అట్టా ఆ వారుకి ఒక కుట్టు, వారుకీ సోల్‌కీ ఇంకో కుట్టు. సోల్ మార్చేటప్పుడు రెండో కుట్టు విప్పితే చాలు. చేతి వెల్ట్‌కి 4–5 మి.మీ. మందం తోలు అట్ట తీసుకుని, నానబెట్టి, అచ్చుకి మేకులతో బిగించి, ఆరాక అంచు వెంట గట్టు చెక్కి, ఆరెతో చిల్లు పొడిచి, రాలా మైనమూ పట్టించిన దారంతో కుడతారు. నడుము దగ్గర ఉక్కు పట్టీ, ఖాళీలో బెరడు (కార్క్) పొడి నింపుతారు. అది మీ పాదం అచ్చులా కుంగుతుంది.

లేసుముడి
గుడ్‌ఇయర్ వెల్ట్ అన్నా అదేగా?

వెల్ట్‌దారం
కాదు. టైర్ల కంపెనీ కూడా కాదు, రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే వల్కనైజింగ్ కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ గారి అబ్బాయి పేరు మీద వచ్చిన యంత్రం. అందులో అట్టకి గట్టు చెక్కరు, గుడ్డతో చేసిన గట్టును జిగురుతో అంటిస్తారు. సోల్‌లు మార్చుతూ పోతే ఆ గుడ్డ ఊడే అవకాశం ఉంది. మంచి షూలే, కాని "చేతి వెల్ట్" ధరకి అది ఇవ్వకూడదు. అచ్చు నుంచి తీయకముందు, సోల్ వేయకముందు కింది వైపు ఫోటో అడగండి. తెల్లటి గుడ్డ పట్టీ కనిపిస్తే యంత్రం పని.

అచ్చుపిచ్చి
అలంకారపు వెల్ట్ సంగతి మర్చిపోయారు. అంటించిన సోల్ మీదే ముందుగా కుట్టు పెట్టిన ప్లాస్టిక్ వారు అతికించి అమ్ముతారు. పై కుట్లకీ కింది కుట్లకీ పొంతన ఉండదు. అయితే ఖరీదైన షూలో కింది కుట్టు గాడి కోసి దాచేస్తారు కాబట్టి, కింద కుట్టు కనపడనంత మాత్రాన నకిలీ అనేయకండి.

సముద్రపుగాలి
విశాఖ, కాకినాడ వైపు వాళ్లకి: పూర్తి తోలు సోల్ కట్టించుకోవద్దు. లేదా మొదటిరోజే ముందు సగానికి 1.5 మి.మీ. రబ్బరు పొర వేయించండి. పీయూ సోల్ అయితే అసలు వద్దు, వాడకుండా పెట్టెలో ఉంచినా గాలి తేమకే రసాయనం విడిపోయి కొన్నేళ్లకి ముక్కలైపోతుంది. పెళ్లికి దాచిన షూ మండపంలో రాలిపోయే వీడియోలు అవే.

వానాకాలంలో తెల్లటి పొడి లేస్తే ముందు హెయిర్ డ్రయ్యర్ గోరువెచ్చగా పట్టి చూడండి. కరిగి పోతే అది తోలులోని కొవ్వు, గుడ్డతో తుడిస్తే సరి. పోకపోతే బూజు, షూని బయట పెట్టి తుడిచి నీడలో ఆరబెట్టాలి. పాలిథిన్ సంచిలో మాత్రం పెట్టొద్దు.

తంగేడుచెక్క
@సముద్రపుగాలి హైదరాబాదులో ఏసీ ఆఫీసుకి తోలు సోల్ హాయిగా నడుస్తుంది అన్నా. రబ్బరు పొర వేస్తే సోల్ ఊపిరి పోతుంది.

సముద్రపుగాలి
పోనివ్వండి, కాలు జారి పాలరాతి మీద పడేకంటే నయం.

కొత్తజత
ఎముక ఎత్తే. డెర్బీకి మారుతున్నాను. ట్రయల్ జత వేసుకున్నప్పుడు మడమ ఎంత జారితే ఒప్పుకోవాలి?

కొలతటేపు
కొత్త గట్టి సోల్ వంగే దాకా 3–5 మి.మీ. పైకి లేవడం మామూలే. అంతకంటే ఎక్కువ లేస్తే మడమ గిన్నె వెడల్పు, ఇన్‌సోల్ వేసి సర్దుతామంటే ఒప్పుకోవద్దు, అచ్చు మార్పించండి. కాసేపు నడిచి, మెట్లు ఎక్కి దిగండి. ఒంటికాలి మీద నిలబడి చూడండి, చిటికెనవేలి పక్క తోలు సోల్ అంచు దాటి పొంగితే వెడల్పు ఇంకా చాల్లేదు. ఎడమది 4 మి.మీ. పొట్టి కాబట్టి రెండు కాళ్లకీ విడివిడిగా అచ్చు సర్దించండి. అసలు జత అచ్చు మీద కనీసం వారం ఉంచమనండి, మర్నాడే తీస్తే తోలు వెనక్కి లాగేసుకుంటుంది.