అప్‌డేట్: కొత్త ట్యాబ్ వైఫై, ఛార్జింగ్ గోల

పోయిన వారం అడిగాను కదా, కొత్త ట్యాబ్‌కి పడగ్గదిలో వైఫై అందట్లేదు, ఛార్జింగ్ ఐదు గంటలు పడుతోంది, వెనక్కిచ్చేయాలా అని. ఇవ్వలేదు.

ఛార్జింగ్ సంగతి చెప్పాలంటే సిగ్గేస్తోంది. పెట్టెలో అడాప్టర్ రాలేదని పాత ఫోన్‌ది వాడుతున్నా. దాని మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంది, అంటే 10 వాట్లే. ట్యాబ్ బ్యాటరీ ఏమో 8000 ఎంఏహెచ్, దాదాపు 31 వాట్-అవర్లు. పైగా ఛార్జింగ్‌లో ఉండగానే మావాడు కార్టూన్లు చూస్తుంటాడు. ఐదు గంటలు పట్టక ఏం చేస్తుంది! పీడీ (పవర్ డెలివరీ, అంటే యూఎస్‌బీ-సీ వేగవంతమైన ఛార్జింగ్ పద్ధతి) ఉన్న 25 వాట్ల అడాప్టర్ కొన్నాక రెండు గంటల్లో నిండుతోంది. 80 శాతం దాటాక నెమ్మదిస్తుంది, అది మామూలే.

వైఫై మాత్రం సగమే తేలింది. మా రూటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు వైఫై బ్యాండ్లకీ ఒకే పేరుంది. ట్యాబేమో 5 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుని వేలాడుతోంది, అదేమో గోడలు సరిగ్గా దాటదు. మీలో ఒకరు చెప్పినట్టు పేర్లు విడదీశాక 2.4 మీద వీడియో ఆగట్లేదు. కానీ అదే మంచం మీద నా ఫోన్‌కి 5లోనే రెండు గీతలు వస్తున్నాయి, దీనికి ఒక్కటీ లేదు. కవర్ తీసి చూశా, రీసెట్ చేశా, అదే తంతు. వెనకంతా సిగ్నల్‌ని అడ్డుకునే లోహమే, యాంటెన్నా ఎక్కడ పెట్టారో మరి.