చికిత్సలో ఉన్న సహోద్యోగికి, స్నేహితురాలికి ఎలా తోడుండాలి?

ప్రశ్న: ప్యాకింగ్ విభాగం, జీడిమెట్ల

నేను జీడిమెట్లలోని ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. చాలా ఏళ్లుగా నా పక్క టేబుల్ దగ్గరే పనిచేస్తున్న స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. శస్త్రచికిత్స పూర్తయింది, ఇప్పుడు మూడు వారాలకొకసారి కీమోథెరపీ ఇస్తున్నారు. ఆమె భర్త ఆటో నడుపుతారు, పిల్లలిద్దరూ బడికి వెళ్లే వయసువారు. మా ఇద్దరి జీతాల్లోనూ ఇఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉంది. అయినా సెలవు ఎన్నాళ్లు దొరుకుతుందో, జీతం ఆగిపోతే ఇల్లెలా గడుస్తుందో అన్న బెంగ ఆమెను జబ్బు కంటే ఎక్కువగా కుంగదీస్తోంది.

ఈ ఆదివారం విభాగమంతా కలిసి పరామర్శకు వెళదామని, తలా కొంత వేసుకొని ఇద్దామని తోటివారు అంటున్నారు. ఆమె మాత్రం జబ్బు పేరు ఎవరికీ చెప్పవద్దని నన్ను కోరింది. సూపర్‌వైజరు గారు రోజూ నన్నే అడుగుతున్నారు. ఆమె మాట తప్పకుండా, తోటివారిని నొప్పించకుండా, ఆమెకు నిజంగా పనికివచ్చేలా నేను ఏం చేయవచ్చో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: విశ్రాంత కార్మిక సంఘ కార్యకర్త

అమ్మా, ముందు సెలవు, జీతం సంగతి తేల్చుకోండి. ఆ బెంగ తగ్గితే మిగతావన్నీ తేలికవుతాయి. ఇఎస్ఐలో మామూలు జబ్బు సెలవుకు రోజు వేతనంలో 70 శాతం చొప్పున 91 రోజుల వరకు భత్యం ఇస్తారు. చాలామంది అక్కడితో అయిపోయిందనుకొని నీరుగారిపోతారు. దీర్ఘకాలిక వ్యాధులంటూ ఇఎస్ఐ వారు పెట్టుకున్న 34 జబ్బుల జాబితా ఒకటుంది, అందులో క్యాన్సర్ ఉంది. ఆ జాబితాలోని జబ్బుకు 91 రోజుల తరువాత కూడా భత్యం కొనసాగుతుంది, పైగా 80 శాతం చొప్పున, అవసరాన్ని బట్టి రెండేళ్ల వరకు. ఇందుకు కనీసం రెండేళ్లుగా ఇఎస్ఐ కింద ఉద్యోగంలో ఉండాలి, వెనకటి నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో, 156 రోజులకైనా చందా కట్టి ఉండాలి. చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారంటున్నారు కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

అసలు చిక్కు కాగితాల దగ్గర వస్తుంది. ఇఎస్ఐ డాక్టరు ఇచ్చే సెలవు సర్టిఫికెట్లలో ఒకటి ముగిసిన తేదీకీ తరువాతిది మొదలయ్యే తేదీకీ మధ్య ఖాళీ పడితే ఆ రోజుల భత్యానికి పేచీ వస్తుంది. వాంతులతో మంచం దిగలేని మనిషికి ఆ తేదీలు గుర్తుండవు. ఒక ఫైలు పెట్టి, ఇన్సూరెన్స్ నంబరు, రిఫరల్ లెటర్లు, సర్టిఫికెట్ల నకళ్లు అందులో ఉంచి, బ్రాంచి ఆఫీసుకు ఆమె భర్తతో పాటు వెళ్లడం మీరు చేయగలిగిన పెద్ద సహాయం. ఆ ఆఫీసుకు వెళితే ఆయనకు ఆటో మీద ఆ పూట సంపాదన పోయినట్టేనని కూడా గుర్తుంచుకోండి. భత్యం తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం నుంచి తొలగించకుండా 1948 నాటి ఇఎస్ఐ చట్టంలో రక్షణ ఉండేది, 2025లో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది కాబట్టి ఇప్పుడెలా ఉందో బ్రాంచి ఆఫీసులో కనుక్కొని ఆమెకు చెప్పండి.

జవాబు: క్యాన్సర్ వార్డు నర్సు

విభాగమంతా కలిసి ఆదివారం వెళ్లే ఆలోచన దయచేసి మానుకోండి. కీమో ఇచ్చిన తరువాత సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ సమయంలో ఒకరి జలుబు కూడా ఆమెను ఆసుపత్రి పాలు చేయవచ్చు. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, రాత్రయినా సరే, పారాసిటమాల్ వేసుకొని తెల్లవారే దాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో ఒక థర్మామీటరు ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే పండ్ల బుట్టకు బదులు అదే కొనివ్వండి. ఎవరో పంపిన కషాయాలు, ఆకు పసర్లు డాక్టరుకు చెప్పకుండా వాడనివ్వకండి, కొన్ని కీమో మందుల పనికి అడ్డం వస్తాయి.

జవాబు: చికిత్స పూర్తిచేసుకున్న ఉపాధ్యాయురాలు, ఖమ్మం

నర్సు గారు చెప్పిన జాగ్రత్తలు నిజమే, కానీ అవి విని అందరూ పూర్తిగా ముఖం చాటేస్తే అది మరో శిక్ష. మా స్టాఫ్‌రూమ్‌లో కొందరు ఫోను చేయడం కూడా మానేశారు, ఏం మాట్లాడాలో తెలియకనే అని నాకు అర్థమైంది. జలుబు, దగ్గు లేని ఒక్కరు, ముందుగా అడిగి, తరువాతి కీమోకు రెండు మూడు రోజుల ముందు వెళితే ఆ రోజుల్లో ఆమెకు కాస్త ఓపికా ఉంటుంది, కబుర్లూ కావాలనిపిస్తుంది. బోనసు సంగతి, లైనులో ఎవరికి ఎవరితో పడటం లేదో, కొత్త సూపర్‌వైజరు వేషాలు, ఇవి చెప్పండి. “మా పిన్నికీ ఇదే వచ్చింది” అని మొదలుపెట్టే మనిషిని మాత్రం గుమ్మం దాటనివ్వకండి.

డబ్బు పోగుచేయడం మంచిదే. కానీ పెళ్లి చదివింపుల్లా ఎవరెంత ఇచ్చారో పేర్లతో రాసి ఇవ్వకండి. ఆ పుస్తకం చూస్తే తిరిగి పెట్టాల్సిన బాకీలే కనిపిస్తాయి. ఒక్కరి చేతి మీదుగా, పేర్లు లేకుండా, ఆమె భర్త ఖాతాలో వేయండి.

జబ్బు పేరు విషయంలో, బయటివాళ్లకు ఏం చెప్పాలో ఆమెనే అడిగి ఒక వాక్యం ఖాయం చేసుకోండి. “ఆపరేషన్ అయింది, చికిత్స నడుస్తోంది, కొన్ని నెలలు రాలేరు” అన్నంత చాలు. సూపర్‌వైజరు గారికీ అదే మాట. అంతకు మించి కావాలంటే సర్టిఫికెట్ హెచ్ఆర్ దగ్గర ఉందనండి. మీరు తడబడకుండా ఎప్పుడూ ఒకే మాట చెబుతుంటే అడిగేవాళ్లే అలసిపోతారు.

ప్రశ్న వేసిన వారు

అందరికీ కృతజ్ఞతలు. ఆ వాక్యం ఆమెకు నచ్చింది, చివర “నేనే ఫోను చేస్తాను” అని చేర్చమంది. మరొక్క సందేహం. మా పనిలో అట్టపెట్టెలు ఎత్తి ప్యాలెట్ మీద పేర్చాలి. ఆమెకు చంకలోని గ్రంథులు కూడా తీశారట. తిరిగి వచ్చాక ఆ పని చేయవచ్చా?

జవాబు: క్యాన్సర్ వార్డు నర్సు

గ్రంథులు తీసిన వైపు చేతికి వాపు వచ్చే ప్రమాదం ఏళ్ల తరబడి ఉంటుంది. రాగానే బరువులు ఎత్తించకూడదు, అలాగని కదపకుండా ఉంచినా భుజం బిగుసుకుపోతుంది. ఎంత బరువు, ఎప్పటి నుంచి అన్నది ఫిజియోథెరపిస్టు చేతిని చూసి నిర్ణయించాలి. చెయ్యి బరువుగా అనిపించినా, గాజులు బిగుతయినా వెంటనే చూపించుకోమనండి.

జవాబు: విశ్రాంత కార్మిక సంఘ కార్యకర్త

ఆ మాట డాక్టరు చేత కాగితం మీద రాయించుకొని, ఆమె పనిలో చేరకముందే హెచ్ఆర్‌కు ఇచ్చి, రసీదు తీసుకోండి. లేబుళ్లు సరిచూసే టేబుల్ లాంటి తేలికైన పని అడగండి. చేరిన తరువాత నోటిమాటగా అడిగితే, లైను ఒత్తిడిగా ఉన్న రోజున పెట్టెల దగ్గరికే పంపిస్తారు.