పేగు వాపు జబ్బు ఉన్నవాళ్లు సిగరెట్ మానితే మంచిదా, చెడ్డదా? ఇంట్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి

ప్రశ్న:

నమస్కారం అండి. మా తమ్ముడికి 29 ఏళ్లు. పోయిన ఏడాది క్రోన్స్ జబ్బు అని తేలింది. చిన్నపేగు చివర పుండ్లు ఉన్నాయి, ఒకచోట పేగు ఇరుకైంది అన్నారు. రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టే అజాథయోప్రిన్ మాత్రలు వాడుతున్నాడు. రోజుకు ఎనిమిది, పది సిగరెట్లు తాగుతాడు. డాక్టర్ గారు మానెయ్యమన్నారు, వాడూ సరే అన్నాడు. ఈలోగా మా బాబాయి వచ్చి, "నేను తాగినన్నాళ్లూ నా పేగుకి ఏమీ కాలేదురా. మానేసిన రెండేళ్లలోపే రక్తం పడటం మొదలైంది. తొందరపడి మానకు" అన్నారు. బాబాయిది అల్సరేటివ్ కోలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. రెండూ పేగు వాపు జబ్బులే కదా అని వీడు ఆ మాట పట్టుకున్నాడు. నిన్న స్కాన్ రిపోర్టుల కవర్ తెరిస్తే ఫిల్ముల మధ్య సిగరెట్ పెట్టె దొరికింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బాబాయి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఎవరి మాట నమ్మాలి?

మొదటి జవాబు (14 ఏళ్లుగా క్రోన్స్‌తో ఉన్నాను):

అక్కా, మీ బాబాయి గారు చెప్పింది నిజమే. కానీ అది ఆయన జబ్బు సంగతి, మీ తమ్ముడి జబ్బుది కాదు. సిగరెట్ విషయంలో ఈ రెండు జబ్బులూ ఎదురెదురుగా నడుస్తాయి. అల్సరేటివ్ కోలైటిస్ ఉన్నవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు తక్కువగా ఉన్నారని బ్రిటన్‌లోని కార్డిఫ్ డాక్టర్లు 1982లోనే రాశారు. క్రోన్స్ దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. తాగేవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెండింతలు. వచ్చాక కూడా తాగుతూ ఉంటే మాటిమాటికీ తిరగబెడుతుంది, స్టెరాయిడ్లు ఎక్కువ వాడాల్సి వస్తుంది, ఆపరేషన్ల దాకా పోతుంది.

నా సంగతి చెప్తాను. నాకు చిన్నపేగు చివర ఒక జానెడు తీసేసి, మిగిలినదాన్ని పెద్దపేగుకి కలిపి కుట్టారు. ఆ తర్వాత రోజుకు నాలుగైదు సిగరెట్లే తాగేవాణ్ణి. ఇరవై నుంచి నాలుగుకి దిగాను కదా, ఇంకేం అనుకున్నాను. ఏడాది తిరక్కుండా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష) చేశారు. డాక్టర్ గారు స్క్రీన్ నా వైపు తిప్పారు. కుట్టిన చోటే, అతుకు అంచు వెంబడి, తెల్లటి పొరతో చిన్న చిన్న పుండ్లు వరసగా ఉన్నాయి. పైపైన నాకు ఏ బాధా లేదు. నొప్పి లేదు, విరేచనాలు లేవు. లోపల మాత్రం మళ్లీ మొదలైంది. ఆపరేషన్ తర్వాత తాగేవాళ్లకు జబ్బు తిరిగొచ్చే ప్రమాదం తాగనివాళ్ల కంటే ఎంతో ఎక్కువ అని, తక్కువ తాగినా దెబ్బ తప్పదని ఆ రోజే విన్నాను. ఆ బొమ్మ చూశాక మళ్లీ ముట్టలేదు.

మానాక ఏమవుతుందో మీ తమ్ముడికి ముందే చెప్పండి, లేకపోతే భయపడతాడు. నాకు పొద్దున్నే సిగరెట్ వెలిగిస్తేనే కడుపు కదిలేది. మానిన మొదటి రోజుల్లో విరేచనం బిగిసిపోయింది, కడుపు మెలిపెట్టింది. జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నాను. మలం పరీక్షలో, పేగు వాపు ఉంటే పెరిగే కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ చూస్తే మామూలుగానే ఉంది. అది సిగరెట్ మానినందుకు వచ్చిన బాధే. మీ తమ్ముడికి పేగు ఇరుకు ఉందన్నారు కాబట్టి కడుపు ఉబ్బి వాంతులు మొదలైతే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నేను డాక్టర్ సలహాతో నికోటిన్ పట్టీలు వాడాను.

ఒక్క మాట చెప్పండి వాడికి. ఫ్రాన్స్‌లో క్రోన్స్ ఉన్నవాళ్లను గమనించి 2001లో రాసిన పరిశోధన ఒకటి ఉంది. మాని ఏడాది దాటినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, అసలు తాగనివాళ్లలో ఎంతో అంతకే దిగింది. క్రోన్స్‌లో మన చేతుల్లో ఉన్నవి చాలా తక్కువ అక్కా. ఇదొకటి ఉంది.

రెండో జవాబు (నాది అల్సరేటివ్ కోలైటిస్):

నాది మీ బాబాయి గారి కథే. మానిన ఎనిమిది నెలలకు రక్తం, జిగురు. భయంతో మళ్లీ మొదలుపెట్టాను, కొంత తగ్గినట్టే అనిపించింది కూడా. రెండేళ్లు అలా సాగదీశాను. చివరికి మెట్లెక్కితే ఆయాసం వచ్చేసరికి డాక్టర్ గారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. మానిన మొదటి కొన్నేళ్లలో ఈ జబ్బు బయటపడటం, ముదరడం తెలిసిన సంగతేనని, అందుకే మానే ముందు తనకు చెప్పి ఉంటే మందు చూసుకునేవాళ్లమని అన్నారు. నికోటిన్ పట్టీలే మందుగా పనిచేస్తాయేమోనని 1994లో పరీక్షించారట. కొందరికి లక్షణాలు తగ్గాయి గానీ వికారం, తలనొప్పి వచ్చాయి. జబ్బు తగ్గాక మళ్లీ రాకుండా ఆపడానికి అవి పనికిరాలేదు.

ఇప్పుడు పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు, రాత్రి పడుకునే ముందు ఎనిమా (మలద్వారం గుండా ఎక్కించే మందు). మూడేళ్లుగా సిగరెట్ లేదు, రక్తమూ లేదు. పాత అలవాటు వల్ల ఇంకో ఇబ్బంది కూడా చూశాను. ఒక దశలో టోఫాసిటినిబ్ (రోగనిరోధక శక్తిని తగ్గించి వాపును అణిచే మాత్ర) ఇద్దామనుకుని, ఏళ్ల తరబడి తాగానని గుండె, క్యాన్సర్ ప్రమాదాలు ఆలోచించి వెనక్కి తగ్గారు. బాబాయి గారు మళ్లీ మొదలుపెట్టే ఆలోచనలో ఉంటే దయచేసి ఆపండి.

ప్రశ్న అడిగిన అక్క:

ఇద్దరికీ ఎంతో రుణపడ్డాను. రాత్రి ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. బాబాయి "అయితే వాడిది వేరే జబ్బా" అని రెండుసార్లు అడిగి, వాడి రిపోర్టు తనే తీసుకుని కళ్లజోడు పెట్టుకుని చదివారు. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. పొద్దున లేచి, మొదటి జవాబు రాసిన అన్నకి కడుపు మెలిపెట్టడం ఎన్ని రోజులు ఉందో కనుక్కోమన్నాడు.

మొదటి జవాబు ఇచ్చినవారు:

పన్నెండు రోజులు. నాలుగో రోజు, ఐదో రోజు బాగా ఎక్కువ. ఆ రెండు రోజులూ వాణ్ణి ఒంటరిగా వదలకండి. మాట్లాడాలనిపిస్తే ఇక్కడ రాయమనండి, ఎంత రాత్రైనా చూస్తాను.