అతిథి గాయకుల పేర్ల వల్ల కారు స్టీరియోలో ముక్కలవుతున్న ఆల్బమ్: పరిష్కారం ఉందా?

ఎర్త్, విండ్ అండ్ ఫైర్ బృందం 2005లో విడుదల చేసిన ‘ఇల్యూమినేషన్’ ఆల్బమ్‌ను నా సీడీ నుంచి ఎంపీ3 ఫైళ్లుగా మార్చి, పెన్‌డ్రైవ్ ద్వారా కారు స్టీరియోలో వింటున్నాను. 1969 నాటి ఈ సోల్ సంగీత బృందంతో విల్.ఐ.యామ్, రఫాయెల్ సాదిక్, కెల్లీ రోలండ్, బిగ్ బాయ్, ఫ్లోయెట్రీ వంటి తర్వాతి తరం కళాకారులు ఇందులో జతకట్టారు. చిక్కు అక్కడే వస్తోంది. ‘ఆర్టిస్ట్’ ట్యాగ్‌లో (ఫైల్‌లోనే ఉండే, పాట ఎవరు పాడారో తెలిపే వివరంలో) అతిథి పేరు ఉన్న ప్రతి పాటనూ స్టీరియో ఒక ప్రత్యేక ఆల్బమ్‌గా చూపుతోంది.

మొత్తం ఆల్బమ్ ఎవరిదో తెలిపే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ ట్యాగ్‌లో అన్ని పాటలకూ బృందం పేరే ఇచ్చాను. కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ ఆల్బమ్ ఒక్కటిగా కనిపిస్తోంది గానీ స్టీరియోలో మార్పు లేదు. ట్యాగ్‌లను ఐడీ3 (ఎంపీ3 ట్యాగ్‌ల ప్రమాణం) 2.4 వెర్షన్ నుంచి 2.3కు మార్చి, పలువురు కళాకారుల సంకలనమని తెలిపే ‘కంపైలేషన్’ గుర్తు పెట్టి, పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేసి ఫైళ్లను మళ్లీ ఎక్కించినా ఫలితం అదే. అతిథుల పేర్లను పాట శీర్షికలోకి మారిస్తే ఆల్బమ్ ఒక్కటవుతోంది, కానీ అప్పుడు సాదిక్ పేరుతో వెతికితే ఆ పాట దొరకదు. ఫోల్డర్ వారీగా తెరిచినప్పుడు పాటల వరుస సరిగానే ఉంటుంది, అయితే కళాకారుల జాబితా అందుబాటులో ఉండదు. రెండు తరాలు కలిసి చేసిన ఆల్బమ్‌లో అతిథుల పేర్లు చెరిపివేయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ ట్యాగ్‌ను పట్టించుకోని ఇటువంటి స్టీరియోలో, అతిథుల పేర్లను ‘ఆర్టిస్ట్’ ట్యాగ్‌లోనే ఉంచుతూ ఆల్బమ్‌ను ఒక్కటిగా చూపించే మార్గం ఏదైనా ఉందా?