మంజిష్ఠ ఎరుపు నూలుకు సమంగా పట్టట్లేదు, ఈ పనిలో స్థిరపడొచ్చా?

ప్రశ్న (హన్మకొండ): టెక్స్‌టైల్ డిజైన్ విద్యార్థిని. వరంగల్ కొత్తవాడ జంపఖానాల నూలుకు సహజ రంగులు అద్దే పనిలోనే ఉండాలని ఉంది. మంజిష్ఠ వేరుతో అద్దే ఎరుపు మచ్చలుగా వస్తోంది, ఉతికితే దిగుతోంది. తప్పెక్కడ?

జవాబు 1: ముందు నూలు ఉడకబెట్టడం చూడమ్మా. పత్తికి మైనం ఉంటది, అది పోకుంటే రంగు లోపలికి దిగదు. కిలో నూలుకు 20 లీటర్ల నీళ్లు, 20 గ్రాముల సోడా యాష్, గంటన్నర. తడిపితే చిలప (నూలు కట్ట) వెంటనే మునగాలి. తేలితే మళ్లీ ఉడికించు. తర్వాత 200 గ్రాముల కరక్కాయ పొడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, జాడించకుండా పిండి ఆరబెట్టు. రంగును నిలిపేది పటిక, కానీ పత్తి పటికను సొంతంగా పట్టుకోదు, కరక్కాయ వగరే పట్టిస్తది. అందుకే ఈ మెట్టు ఎగ్గొడితే రంగు దిగుతది. ఆపైన 150 గ్రాముల పటిక వేడినీళ్లలో. చివర 500 గ్రాముల మంజిష్ఠ పొడి, 70 డిగ్రీలు దాటనీయకు, మరిగితే ఎరుపు గోధుమలోకి పోతది. చిలపల్ని తిప్పుతూనే ఉండాలి.

జవాబు 2: గిన్నె ఇనుపదా? కరక్కాయకు ఇనుము తగిలితే నల్లబడుతది. స్టీలుది వాడండి. ఇనుము ఉన్న బోరు నీళ్లతోనూ అదే గోస.

జవాబు 3: స్థిరపడొచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని తెలిపే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కానీ కొనేవాళ్లు అదే రంగు మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ తూకం, నీళ్లు, వేడి, సమయం రాసి, పక్కన నూలు ముక్క అంటించండి. పసుపుకొమ్ము రంగు ఎండకు త్వరగా వెలిసిపోతుంది, దానితో ఆర్డర్ ఒప్పుకోకండి. పసుపు రంగుకు దానిమ్మ తొక్క నయం.