బఫెలో బిల్స్ ఊరు విడిచి పోకుండా 85 కోట్ల డాలర్ల ప్రజల సొమ్ము: ఇవ్వాల్సిందేనా?

మంచుపార (బఫెలో)

విషయం తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. నేను చెప్పేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, కోలబంతిని చేత్తో విసిరి ఆడే ఆట. దాని పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. వాటిలో బాగా చిన్న ఊళ్లవి లెక్కపెడితే గ్రీన్ బే తర్వాత వెంటనే వచ్చే పేర్లలో న్యూయార్క్ రాష్ట్రంలోని మా బఫెలో ఒకటి. 1950లో ఈ ఊరి జనాభా 5 లక్షల 80 వేలు. 2020 లెక్కల్లో 2 లక్షల 78 వేలు. ఉక్కు మిల్లులు మూతపడ్డాయి, పిల్లలు ఉద్యోగాల కోసం దక్షిణాదికి వెళ్లిపోయారు. 1960 నుంచి మా జట్టు బఫెలో బిల్స్ మాత్రం ఇక్కడే ఉంది.

2022 మార్చిలో కొత్త స్టేడియం ఒప్పందం కుదిరింది. న్యూయార్క్ రాష్ట్రం 60 కోట్ల డాలర్లు, ఈరీ కౌంటీ (బఫెలో ఉన్న జిల్లా అనుకోండి) 25 కోట్లు. బదులుగా జట్టు 30 ఏళ్లు కదలకూడదు. 2026 సీజన్ కోసం ఊరి శివారు ఆర్చర్డ్ పార్క్‌లో, పాత స్టేడియం ఎదురుగానే కట్టారు. ఇది తప్పా ఒప్పా అని ఇక్కడి తెలుగువాళ్లం కలిసినప్పుడల్లా వాదించుకుంటూనే ఉన్నాం.

నా మాట ముందే చెప్పేస్తున్నాను: ఇవ్వాల్సిందే. నేను ఈ ఊరొచ్చి పద్నాలుగేళ్లు. 2024 జనవరిలో పిట్స్‌బర్గ్‌తో ప్లేఆఫ్ మ్యాచ్ మంచు తుఫానుతో ఆదివారం నుంచి సోమవారానికి వాయిదా పడింది. గంటకు 20 డాలర్లు ఇస్తాం, పార పట్టుకుని రండి అన్నారు. వెళ్లాను. సీట్ల వీపుల దాకా మంచు. వరసల మధ్య పలకలతో జారుడుబల్లలా కట్టారు, మేం పైనుంచి నెడుతుంటే మంచు గడ్డలు మైదానం దాకా జారిపోతున్నాయి. నా పక్కన డెబ్బై దాటిన పెద్దాయన. ఒక వరస దగ్గర ఆగి, చేతి తొడుగు తీసి, వట్టి చేత్తోనే ఒక సీటు తుడిచాడు. 1973లో స్టేడియం తెరిచినప్పటి నుంచి వాళ్ల నాన్న కూర్చున్న చోటట. మర్నాడు వేలమంది మంచు మీదే కూర్చుని మ్యాచ్ చూశారు. ఈ జట్టు పోతే ఈ ఊరికి ఏం మిగులుతుందో ఎవరైనా చెప్పండి.

నాగమణి (ఆమ్‌హర్స్ట్)

మంచుపార గారూ, ఆ పెద్దాయన సంగతి చదివి నాకూ గుండె కలుక్కుమంది. కానీ ఆ ప్రేమను చూపించే కదా మన దగ్గర డబ్బు రాబట్టింది.

లెక్క చూద్దాం. ఈరీ కౌంటీ జనాభా తొమ్మిదిన్నర లక్షలు. కౌంటీ వాటా ఒక్కటే తీసుకున్నా, పసిపిల్లలతో సహా తలకు 260 డాలర్ల పైమాట. ఏడాదికి ఇక్కడ జరిగేది సుమారు పది మ్యాచ్‌లు. ముప్పై ఏళ్లకు మూడొందలు. 85 కోట్లను మూడొందలతో భాగించండి, ఒక్కో మ్యాచ్‌కు 28 లక్షల డాలర్లు మనం పెడుతున్నట్టు. పైగా కొత్త స్టేడియంలో సీజన్ టికెట్ కావాలంటే ముందు సీటు లైసెన్స్, అంటే ఆ సీటుకు టికెట్ కొనే హక్కు, విడిగా కొనాలి. 500 డాలర్ల దగ్గర మొదలై 50 వేల దాకా పోతుంది. మన డబ్బుతో కట్టిన చోట కూర్చోవడానికి మళ్లీ మనమే కట్టాలి.

ఇంకో మాట. రాష్ట్రం వాటాలో 41.8 కోట్ల డాలర్లు సెనెకా ఆదివాసుల క్యాసినోల నుంచి వచ్చినవి. ఏళ్ల తరబడి నడిచిన వివాదంలో వాళ్లు కట్టాల్సి వచ్చిన సొమ్ము. అది వచ్చీరాగానే స్టేడియానికి మళ్లించారు. వాళ్ల నాయకులు బాహాటంగానే బాధపడ్డారు.

ఒప్పందం కుదిరిన ఆరేడు వారాలకే, మే 14న, బఫెలో ఈస్ట్ సైడ్ పేటలోని టాప్స్ సూపర్ మార్కెట్ దుకాణంలో కాల్పులు జరిగి పదిమంది నల్లజాతివాళ్లు చనిపోయారు. ఆ దుకాణం కొన్నాళ్లు మూసేస్తే ఆ చుట్టుపక్కల కూరగాయలు కొనుక్కోవడానికి ఇంకో సూపర్ మార్కెట్ లేదని అప్పుడు అందరికీ తెలిసింది. నేను ఆ పక్కనే వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈ పక్క పేటకు ఒక్క దుకాణం తేలేని ప్రభుత్వానికి ఆ పక్క స్టేడియానికి 85 కోట్లు ఎలా దొరికాయో ఆ పిల్లలకు చెప్పలేకపోయాను.

సుబ్బారావు (శాన్‌డియాగో)

నాగమణి గారితో ఏకీభవిస్తున్నాను. మా ఊళ్లో ఛార్జర్స్ జట్టు 1961 నుంచి ఆడింది. 2016 నవంబరులో కొత్త స్టేడియం కోసం హోటల్ పన్ను పెంచాలని ఓటింగ్ పెట్టారు. గెలవాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, వచ్చింది 43 శాతం. రెండు నెలలు తిరక్కుండానే, 2017 జనవరిలో జట్టు లాస్ ఏంజిలిస్‌కు వెళ్లిపోయింది.

బాధ లేదా అంటే ఉంది. మా ఇంట్లో ఆ నీలం జెర్సీ ఇంకా అటక మీదే ఉంది. కానీ ఊరు మునిగిపోలేదు. ఆ పాత స్టేడియం స్థలాన్ని ఇక్కడి స్టేట్ యూనివర్సిటీ కొనుక్కుంది. 2022లో చిన్న స్టేడియం కట్టుకుంది, చుట్టూ క్యాంపస్ పెరుగుతోంది. ఆ స్థలంలో రేపు మన పిల్లలే చదువుకుంటారు. మేం కాదన్నాం, దాని ఫలితం అనుభవించాం. ఆ ఓటు తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

మంచుపార (బఫెలో)

సుబ్బారావు గారూ, మీకు సముద్రం ఉంది, బేస్‌బాల్ జట్టు ఉంది, ఏడాది పొడవునా వచ్చే టూరిస్టులు ఉన్నారు. మాకు నవంబరు నుంచి మార్చి దాకా మంచు. శాన్‌డియాగో కాదన్నా నిలబడుతుంది కాబట్టి బఫెలో కూడా నిలబడుతుందని నేను అనుకోలేను.

నాగమణి గారి ఈస్ట్ సైడ్ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పందంతో పాటు స్థానిక ప్రయోజనాల కోసమని జట్టు ముప్పై ఏళ్లలో 10 కోట్ల డాలర్లకు పైగా ఇస్తానంది. 85 కోట్ల పక్కన పెడితే అది చిన్నదే.

కానీ ఒక్క విషయం మీ ఇద్దరూ వదిలేశారు. జట్టును నిజంగా పోకుండా ఆపింది 2022 డబ్బు కాదు, 2012లో రాసుకున్న కాగితం. అప్పటికి ఓనర్ రాల్ఫ్ విల్సన్‌కు తొంభై దాటాయి. 2008 నుంచే బిల్స్ ఏడాదికో మ్యాచ్ కెనడాలోని టొరంటోలో ఆడుతున్నారు. సరిహద్దు దాటితే గంటన్నర, బఫెలో కంటే పదింతల ఊరు. పెద్దాయన పోగానే జట్టు అటే పోతుందని ఊళ్లో ప్రతివాళ్లకూ టెన్షన్. అలాంటప్పుడు కొత్త లీజులో రెండు షరతులు పెట్టారు. ఊరు మారితే 40 కోట్ల డాలర్ల జరిమానా. తరలించే ఉద్దేశం ఉన్నవాళ్లకని తెలిస్తే అమ్మకూడదు. ఏడో ఏడాది తర్వాత ఒక్కసారి మాత్రం దాదాపు 2.8 కోట్లు కట్టి బయటపడే కిటికీ ఉంచారు.

2014 మార్చిలో విల్సన్ 95 ఏళ్ల వయసులో పోయారు. జట్టు అమ్మకానికి వచ్చింది. పాటలు పాడే జాన్ బాన్ జోవి టొరంటో డబ్బున్నవాళ్లతో కలిసి ముందుకొచ్చారు. డొనాల్డ్ ట్రంప్ కూడా అడిగారు. బాన్ జోవి బృందం మేం కదిలించం అని చెప్పినా ఊరు నమ్మలేదు. ఇక్కడి బార్లలో ఆయన పాటలే ఆపేశారు. చివరికి సహజవాయువు వ్యాపారంలో సంపాదించిన టెర్రీ పెగులా దంపతులు 140 కోట్ల డాలర్లకు కొన్నారు. అప్పటికే మా ఐస్ హాకీ జట్టు వాళ్లదే. పాటలు ఆపినందుకు జట్టు ఉండిపోలేదు. ఆ జరిమానా షరతు చూసి, తీసుకెళ్లిపోదాం అనుకున్నవాడు అంత ధర పెట్టలేకపోయాడు. ప్రేమ ఉన్న ఊళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. లీజు గట్టిగా రాసుకున్నవి తక్కువ.

రమణ (క్లీవ్‌ల్యాండ్)

మంచుపార అన్నా, నువ్వన్న కాగితం సంగతి మా ఊరికి బాగా తెలుసు. 1995 నవంబరు 6న ఓనర్ ఆర్ట్ మోడెల్ మా బ్రౌన్స్ జట్టును బాల్టిమోర్ తీసుకెళ్తున్నానని ప్రకటించాడు. ఆ మర్నాడే మా వాళ్లు స్టేడియం బాగుచేయడానికి పన్ను కొనసాగించాలని ఓటేశారు. డబ్బు ఇస్తామని ఊరు ఓటేసింది, అయినా జట్టు పోయింది. డబ్బు ఇస్తేనే ఉంటారు అనేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

ఊరు కోర్టుకెళ్లింది. ఆ పట్టు వల్ల పేరు, రంగులు, చరిత్ర మాకే మిగిలాయి, 1999లో కొత్త జట్టు వచ్చింది. 1996లోనే ఒహాయో ఒక చట్టం చేసింది. ప్రజల డబ్బు తీసుకున్న జట్టు వెళ్లాలంటే ఆరునెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఈలోగా స్థానికులకు కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. 2017లో కొలంబస్ క్రూ సాకర్ క్లబ్‌ను ఆస్టిన్‌కు మార్చాలని ఓనర్ చూస్తే, రాష్ట్రం ఆ చట్టం పట్టుకుని దావా వేసింది, అభిమానులు రోడ్డెక్కారు. చివరికి స్థానిక కుటుంబాలు కొన్నాయి. క్లబ్ అక్కడే ఉండి 2020లో, 2023లో లీగ్ కప్పు గెలిచింది.

ఇంత మేలు చేసిన చట్టాన్ని 2025లో మా శాసనసభే సడలించింది. రాష్ట్రం దాటి పోతేనే వర్తిస్తుందట. బ్రౌన్స్ ఊరి నడిబొడ్డు నుంచి శివారులోని బ్రూక్ పార్క్‌కు మారడానికి దారి సుగమం చేశారు. పైగా జనం తీసుకోకుండా వదిలేసిన ఖాతాల సొమ్ములోంచి 60 కోట్ల డాలర్లు ఇస్తున్నారు. కాగితం ఎంత గట్టిదైనా దాన్ని కాపలా కాసేవాళ్లు ఉండాలి.

నాగమణి (ఆమ్‌హర్స్ట్)

రమణ గారూ, కాగితం ఊరినే ముంచిన కథ కూడా ఉంది. సెయింట్ లూయిస్ 1995లో రామ్స్ జట్టును తెచ్చుకోవడానికి రాసిచ్చిన లీజులో, పదేళ్లకోసారి చూసినప్పుడు స్టేడియం లీగ్‌లో మొదటి పాతిక శాతంలో ఉండాలి, లేకపోతే జట్టు స్వేచ్ఛగా పోవచ్చు అని ఒప్పుకున్నారు. కొన్నేళ్లకే ఆ షరతు నిలబెట్టుకోవడం అసాధ్యమైంది. 2016లో రామ్స్ లాస్ ఏంజిలిస్ వెళ్లిపోయారు. జట్టు లేని స్టేడియం అప్పు మాత్రం ప్రజలే తీర్చారు. దావా వేస్తే 2021లో 79 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు, అది వేరే సంగతి.

లీగ్‌లో టీవీ డబ్బు, ఇతర ఉమ్మడి ఆదాయం అన్ని జట్లకూ సమానంగా పంచుతారు. గ్రీన్ బే తన లెక్కలు బయటపెడుతుంది కాబట్టి తెలుస్తోంది: ఇప్పుడు ఒక్కో జట్టుకు ఏడాదికి 40 కోట్ల డాలర్ల పైనే. ఒక్క టికెట్ అమ్మకముందే వచ్చే సొమ్ము ఇది. అంత వచ్చేవాళ్లకు మనం ఎందుకు ఇవ్వాలి?

గచ్చిబౌలి గ్యాలరీ (హైదరాబాద్)

మీ ఆట నాకు తెలియదు, కానీ జట్టు పోవడం తెలుసు. మా ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో మొదలైంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా మా ఊళ్లో జరగలేదు. మా ఛాంపియన్లను మేం టీవీలోనే చూశాం. తర్వాత గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీలు వేసుకుని డప్పులతో అరిచినవాళ్లం కొన్ని వేలమందిమి. 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. మాకు లీజు లేదు, జరిమానా లేదు, నోటీసు ఇవ్వాలన్న చట్టం లేదు. మీరు 85 కోట్లా, 40 కోట్లా అని వాదించుకుంటున్నారు. మాతో బేరమాడటానికి కూడా ఎవరూ రాలేదు.

ఒక సందేహం. అభిమానులే జట్టును కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు కదా?

మంచుపార (బఫెలో)

తమ్ముడూ, గ్రీన్ బే చేసింది అదే. లక్ష జనాభా దాటీ దాటని ఊరు. 1923 నుంచి ఆ జట్టు జనానిది, ఐదు లక్షల ముప్పై వేలకు పైగా వాటాదారులు. లాభం పంచరు, వాటాను మార్కెట్లో అమ్ముకోలేరు, అందుకే ఎవడూ కొని ఎత్తుకుపోలేడు. కానీ ఇంకో ఊరు అలా చేయకుండా లీగ్ నిబంధన పెట్టేసింది. ఆ తలుపు మాకు మూసి ఉంది. అయినా గ్రీన్ బే కూడా 2000లో స్టేడియం కోసం అరశాతం అమ్మకపు పన్ను ఓటింగ్‌కు పెట్టింది. స్వల్ప తేడాతో నెగ్గింది, 2015 దాకా వసూలు చేశారు.

నాగమణి గారూ, టీవీ డబ్బు మాట నిజం. చిన్న ఊరు ఈ లీగ్‌లో బతకగలుగుతోందంటే ఆ సమాన పంపకం వల్లే. పెద్ద కంపెనీలు తీసుకునే ఖరీదైన బాక్సులు, స్పాన్సర్లు, వీటి దగ్గరే మేం వెనకబడతాం. ఓనర్ వేరే ఊరివైపు చూసేది ఆ తేడా కోసమే. జట్టు కదలాలంటే 32 మంది ఓనర్లలో 24 మంది ఒప్పుకోవాలి, వాళ్ల ఓటు ఎప్పుడూ డబ్బు వైపే. ఓక్లాండ్ రైడర్స్‌ను చూడండి. నెవాడా 75 కోట్ల డాలర్ల హోటల్ పన్ను చూపించింది, 2020కల్లా లాస్ వేగాస్‌లో ఉన్నారు.

85 కోట్లు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒప్పందంలో ఒక మంచి పని జరిగింది. 140 కోట్లు అనుకున్న ఖర్చు 200 కోట్లు దాటింది, ఆ పెరిగిన భారమంతా జట్టుదే అని ముందే రాసుకున్నారు కాబట్టి మన మీద పడలేదు. నాకున్న కొరత ఒకటే. ఓనర్ అమ్మదలిస్తే ముందు ఈ ప్రాంతం వాళ్లకు కొంటామని అడిగే హక్కు ఉండాలి, ఒహాయో చట్టంలా. అది అడగాల్సింది డబ్బు ఇచ్చేటప్పుడే. ఇచ్చేశాక మన మాట ఎవరు వింటారు?

లీజు ముగిసేటప్పటికి మా అమ్మాయికి ముప్పై ఎనిమిదేళ్లు వస్తాయి. అప్పుడు మళ్లీ ఇదే బేరం ఆమె ముందుకొస్తుంది.

నాగమణి (ఆమ్‌హర్స్ట్)

ముందు అడిగే హక్కు విషయంలో మీతో ఉన్నాను, సంతకం పెట్టమన్నా పెడతాను. డబ్బు విషయంలో మాత్రం ఇప్పటికీ లేను. ఆ పిల్లల పేటలో రెండో దుకాణం తెరిచిన రోజు మళ్లీ మాట్లాడుకుందాం.